ఖాళీ ఉయ్యాలకి కాపలా

చీఫ్ తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చాడంటే ఎవరో ఒకరు పోయి ఉంటారు, లేదా పోబోతూ ఉంటారు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిన సంగతే ఇది. అందుకే మేష్టారు కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెట్టాడు.

"ఎవరు సార్?"

"మన కెమిస్ట్. రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో దొరికాడు. మెడ మీద సూది గుర్తు."

"కాంపౌండర్."

"ఇంకెవరు?"

కాంపౌండర్ అంటే 'గొడుగు' అనే విదేశీ ముఠాకి పెద్ద. ఆయుధాల జోలికి పోడు, అణు రహస్యాల జోలికి పోడు. ఎక్కడ కొత్త మందు పుట్టినా ఎత్తుకుపోయి, కాపీ కొట్టి, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి బంగారం ధరకి అమ్ముతాడు. అడ్డొచ్చిన వాళ్లకి ఇంజెక్షన్ ఇస్తాడు, అందుకే ఆ పేరు. అతని మొహం చూసి కూడా ప్రాణాలతో ఉన్నవాళ్లు ఇద్దరే అని ఫైల్లో రాసుంది. అందులో కెమిస్ట్ ఒకడు.

"రెండో మనిషి ఊళ్లో దిగింది," అన్నాడు చీఫ్, కిటికీ వైపు చూస్తూ. "కోయిల."

మేష్టారి కుడి భుజం దానంతటదే బిగుసుకుంది.

అతను నిజానికి మేష్టారు కాడు. ఒకప్పుడు సరిహద్దు పట్నంలో లెక్కల మేష్టారి వేషంలో ఏళ్ల తరబడి కాపురం ఉన్నాడు. కాపురం కూడా వేషమే. భార్యగా డిపార్ట్‌మెంట్ పంపిన మనిషి కోయిల. చుట్టుపక్కల పిల్లలకి సంగీతం చెప్పేది, లోకల్ రేడియోలో పాడేది, ఆ పాటల్లోనే కోడ్ పంపేది. సరిహద్దు అవతలి వాళ్లు కూడా రేడియోకి చెవులప్పగించి వినేవాళ్లట, గూఢచారి అని తెలియక, గొంతు బావుందని. నలుగురిలో అతన్ని "ఏమండీ" అని పిలిచేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా అదే పిలుపు. రిహార్సల్ అనేది. పడుకోబోయే ముందు "తలుపు వేశారా?" అని అడగని రోజు లేదు. పెళ్లి మాత్రం అబద్ధం. మిగతాదంతా ఏమిటో ఒకరినొకరు అడగలేదు. అడుగుదామని అతను మనసు గట్టి చేసుకునే వేళకి, ఆమె హార్బర్‌లో అతని భుజంలోకి గుండు దించి గొడుగు వాళ్ల పడవ ఎక్కేసింది.

"ఈసారి దేనికోసం వచ్చింది సార్?"

"క్యాన్సర్ సెంటర్‌లో ఒక డాక్టరమ్మ కొత్త మందు చేసింది. మొదటిసారి మనిషికి ఎక్కించేది రేపే. ఫార్ములా ఆమె బుర్రలో ఉంది, మందు చిన్న సీసాలో ఉంది. బుర్రని మోసుకుపోవడం కష్టం, సీసా అయితే జేబులో పడుతుంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "కోడ్ రాసుకోకు, గుర్తుపెట్టుకో. మందు పాప. లాకర్ ఉయ్యాల. ట్రీట్‌మెంట్ పూర్తయ్యేదాకా ఉయ్యాల దగ్గర్నుంచి కదలకు."

"కోయిల కనబడితే?"

"కట్టిపడెయ్. ఏం చెప్పినా వినకు. ఆమె మాట నమ్మినవాళ్లు ఎవరూ మిగల్లేదు."

"నేను మిగిలాను కదా సార్."

"అందుకే నిన్ను పంపుతున్నా. కాఫీ చల్లారిపోతోంది."

మేష్టారు తాగాడు. చక్కెర వెయ్యడం చీఫ్ మర్చిపోయాడు.

డిపార్ట్‌మెంట్ కింది అంతస్తులో మారువేషాల గది ఉంది. దాన్ని చూసుకునే మేకప్ మాస్టారు మహా చాదస్తుడు. మేష్టారికి మందపాటి మీసం అతికించి, నీలం యూనిఫాం తొడిగి, ఛాతీ మీద 'వార్డ్ బాయ్' అన్న బ్యాడ్జీ పెట్టాడు.

"యాభై దాటిన బాయ్‌నా?" అన్నాడు మేష్టారు.

"బాగా నప్పింది సార్. పెన్నులో కెమెరా, గుండీలో రేడియో, బెల్టులో రంపం ఉన్నాయి. పనైపోయాక అన్నీ తిరిగి అప్పగించాలి. పోయినసారి మీసం ఇవ్వలేదు మీరు."

"నదిలో కొట్టుకుపోయింది."

"అందరూ అదే చెబుతారు."

రేడియేషన్ విభాగం ఆస్పత్రి అడుగున, నేలమాళిగలో ఉంది. గోడలు నిలువెత్తు మనిషి అడ్డంగా పడుకున్నంత మందం. లోపలి కిరణాలు బయటికి పోకుండా అలా కట్టారు. బయటి రేడియో సంకేతాలూ లోపలికి రావని మేష్టారికి దిగిన వెంటనే తెలిసింది. గుండీ నొక్కితే బుసబుసమనడం తప్ప ఏమీ లేదు. చీఫ్‌తో మాట్లాడాలంటే మెట్లెక్కి పైకి పోవాల్సిందే.

డాక్టరమ్మ సన్నగా ఉంది. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, అది ఎక్కడుందో వెతుక్కుంటోంది. మేష్టారు ఎవరో అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు. లాకర్ తీసి సీసా చూపించింది. లోపల నీళ్లు కలిపిన పాలలాంటి ద్రవం.

"ఇంతేనా అమ్మా?"

"ఇందులో కోట్ల గుళికలున్నాయండీ. కంటికి కనబడవు. పైన కొవ్వు పొర, లోపల మందు. మామూలు మందు రక్తంలో కలిసిందంటే ఒళ్లంతా తిరుగుతుంది, ఒళ్లంతా కాలుస్తుంది. జుట్టు రాలేదీ, వాంతులయ్యేదీ అందుకే. ఇవలా కాదు. గడ్డలో రక్తనాళాలు హడావుడిగా పెరిగినవి. కుట్టు సరిగ్గా పడని బట్టకుండేలాంటి సందులుంటాయి వాటికి. ఆ సందుల్లోంచి గుళికలు లోపలికి జారి అక్కడే పోగవుతాయి. పొర మాత్రం పగలదు."

"మరెప్పుడు పగులుతుంది?"

"రేడియేషన్ బీమ్ తగిలినప్పుడు. బీమ్ గడ్డ మీదే పడుతుంది కాబట్టి గుళిక గడ్డలోనే పగులుతుంది. మందు కణాన్ని నీరసపరుస్తుంది, బీమ్ దాన్ని చంపుతుంది." ఆమెకి పెన్సిల్ దొరికింది. "రేపటి పేషెంట్‌కి ఇదివరకే ఒకసారి రేడియేషన్ అయింది. గడ్డ మళ్లీ లేచింది. అదే చోట మళ్లీ ఫుల్ డోస్ ఇస్తే చుట్టూ ఉన్న మంచి కండ కూడా పోతుంది. అందుకని చిన్న డోసే ఇవ్వగలం. గుళికలు తోడు లేకపోతే ఆ చిన్న డోస్ దండగ."

"ఎక్కించగానే బీమ్ వేసేస్తారా?"

"లేదండీ. పొద్దున ఎక్కిస్తాం. మధ్యాహ్నం దాటాక గడ్డలో నిండుగా చేరతాయి. ఆ తర్వాత ఒళ్లు వాటిని మెల్లగా ఊడ్చేస్తుంది, సాయంత్రానికి ఏమీ మిగలవు. ఆ మధ్యలోనే బీమ్ పడాలి. తప్పిపోతే ఇంకో సీసా తయారు చెయ్యడానికి నెలలు పడుతుంది. పేషెంట్‌కి నెలల్లేవు."

"పేషెంట్ ఎవరమ్మా?"

"చెప్పను. పేషెంట్ల గుట్టు బయటపెట్టకూడదు, మా రూలు. మీరెవరో పేషెంట్‌కి కూడా చెప్పను."

"మా దాంట్లోనూ అంతేనమ్మా," అన్నాడు మేష్టారు.

ఒకరి రూలుని ఒకరు మెచ్చుకున్నారు. ఎంత ఖరీదైన మెచ్చుకోలో ఇద్దరికీ అప్పుడు తెలియదు.

మర్నాడు పొద్దున నర్సు సీసా పట్టుకుని తెర అవతలికి వెళ్లింది. మేష్టారు ఇవతల మాపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అవతల ఎవరో పొడిగా దగ్గారు. మందు చుక్కచుక్కగా దిగడానికి చాలాసేపు పట్టింది. నర్సు తెచ్చిచ్చిన సీసాని డాక్టరమ్మ మళ్లీ లాకర్లో పెట్టి తాళం వేసింది. మేష్టారు మెట్లెక్కి గుండీ నొక్కాడు.

"పాప ఎలా ఉంది?" అంది చీఫ్ గొంతు.

"పాప వెళ్లిపోయింది సార్. ఉయ్యాల్లో పక్కబట్టలే మిగిలాయి."

"ఆ పక్కబట్టలే చాలు వాళ్లకి. అడుగున నాలుగు చుక్కలున్నా కాపీ కొట్టేస్తారు. కోయిల వచ్చేది దానికే. కదలకు."

మేష్టారు దిగివచ్చి, లాకర్ గది ముందు తుడిచిన నేలనే మళ్లీ తుడుస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం దాటింది. కారిడార్ చివర ఎత్తు మడమల చెప్పుల చప్పుడు వినబడింది. ఆ నడక అతనికి చెవులతోనే తెలుసు. నల్ల కళ్లజోడు, పెదాలకి ఎర్ర రంగు, మెడ చుట్టూ ఊదారంగు పట్టు స్కార్ఫ్. బెంచీల మీద కూర్చున్న రోగుల బంధువులు కష్టం మర్చిపోయి ఒక్క క్షణం తలలు తిప్పారు. ఆమె నేరుగా వచ్చి అతని ముందు ఆగింది.

"ఏమండీ," అంది. "మీసం బాలేదు."

పిలుపు ఆమెదే. గొంతు కాదు. బొంగురుగా, గాలి ఎక్కువా మాట తక్కువగా ఉంది.

"గొంతు మార్చావే. కొత్త వేషమా?"

"వేషం కాదు. మిగిలింది ఇదే."

మేష్టారు ఆమె మణికట్టు పట్టుకుని కారిడార్ మలుపు అవతలున్న దుప్పట్ల గదిలోకి లాగాడు. ఉతికిన దుప్పట్లు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. గోడవారగా వేడినీళ్ల గొట్టం పోతోంది.

"సీసా కోసం వచ్చావు."

"సీసాతో నాకేం పని? అది ఖాళీదేగా." ఆమె ఊపిరి తీసుకుంది. "నేనే పేషెంట్‌నండీ. గొంతులో గడ్డ. దొంగ కాగితాలు పుట్టించి నన్ను ఇక్కడ చేర్పించింది కాంపౌండరే. మందు ఎక్కించుకుని, బీమ్ పడకముందే బయటికొచ్చి వాడికి నా రక్తం ఇవ్వాలి. గుళికలు ఇంకా రక్తంలో తిరుగుతుంటాయి కదా, పగలకుండా. మీరు లాకర్‌కి కాపలా కాస్తున్నారు. లాకర్‌తో వాడికేం పని? వాడి సీసాని నేను."

"ఇస్తానన్నావా?"

"అన్నాను. లేకపోతే రానిస్తాడా? కానీ ఇవ్వను. బీమ్ కిందికి పోతున్నా. అది పడ్డాక గడ్డలోవి పగిలిపోతాయి, సాయంత్రానికి రక్తంలోవీ పోతాయి, వాడికి పనికొచ్చేది నాలో ఏమీ ఉండదు. వాణ్ణి మోసం చేసి బతుకుదామని వచ్చాను. అంతే. దారి వదలండి, టైమైపోతోంది."

మేష్టారు నవ్వాడు. నవ్వు రాకపోయినా నవ్వాడు. "హార్బర్‌లో కూడా ఇంత ముద్దుగానే మాట్లాడావు."

"భుజంలో కాల్చాను. వాళ్లు గుండెలో కాల్చమన్నారు."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. తగిలినందుకే భయపడ్డాడు. ఏం చెప్పినా వినకు అన్నాడు చీఫ్.

"నమ్మరా? ఉండండి, స్కార్ఫ్ తీస్తా," అంటూ ఆమె చేతులు మెడ దగ్గరికి తీసుకెళ్లింది. హార్బర్‌లో పిస్తోలు తీసింది ఇలాంటి స్కార్ఫ్ మడతలోంచే. మేష్టారు ఆ చేతులు పట్టుకుని, ఒకదానికి బేడీ వేసి, రెండో కొస గొట్టానికి తగిలించాడు. స్కార్ఫ్ ముడి అలాగే ఉండిపోయింది.

"బీమ్ అయిపోనీ. పేషెంట్ క్షేమంగా బయటికొచ్చాక వచ్చి నీ కథంతా వింటా."

"ఏ పేషెంటండీ?" అంది కోయిల. నవ్వబోయింది, అది దగ్గయింది.

మేష్టారు బయటికొచ్చి తాళం వేశాడు. లోపల కోయిల పిలిచింది. రెండు దేశాలు చెవులప్పగించి విన్న గొంతు, అరచేతి మందం తలుపు దాటలేకపోయింది.

డాక్టరమ్మని ఒక్క మాట అడిగితే పోయేది. అడిగినా ఆమె చెప్పదని అతనికి తెలుసు. పైగా ఉయ్యాల దగ్గర్నుంచి కదలకూడదని ఆర్డరు. మేష్టారు ఇరవై ఏళ్లుగా ఆర్డర్లు పాటిస్తున్నాడు. అలవాటు చెడ్డది. తుడిచిన నేలనే మళ్లీ తుడవసాగాడు. స్ట్రెచర్ తోసుకుంటూ ఒక ముసలి పోర్టర్ అటు పోతే, తోటి పనివాడన్నట్టు తలూపాడు కూడా. పోర్టర్ కూడా మర్యాదగా తలూపాడు.

కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి కారిడార్‌లో పచార్లు మొదలుపెట్టింది. ఆమె వెనకే టెక్నీషియన్ అమ్మాయి వచ్చింది.

"పేషెంట్ వార్డులో లేరు మేడమ్. నడుస్తూ వచ్చేస్తానని ఎప్పుడో బయల్దేరారట."

ఆ అమ్మాయి చేతిలో తెల్లటి వలలాంటిది ఉంది, మనిషి మొహం ఆకారంలో.

"అదేంటమ్మా?" అన్నాడు మేష్టారు.

"మాస్క్ అంకుల్. వేడినీళ్లలో ముంచితే ఈ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పేషెంట్ మొహం మీద పరిస్తే అదే ఆకారంలో గట్టిపడుతుంది. దీన్ని బల్లకి బిగిస్తే తల వెంట్రుకవాసి కూడా కదలదు, బీమ్ గురి తప్పదు. ఒకరిది ఇంకొకరికి పట్టదు. ఈవిడ బాగా చిక్కిపోతున్నారు, వదులైపోతోందని మళ్లీ చెయ్యాల్సొచ్చింది."

మేష్టారు మాస్క్ చేతిలోకి తీసుకున్నాడు. వెడల్పాటి నుదురు. చుబుకం మీద చిన్న నొక్కు. ముక్కు మధ్యలో కాస్త ఎడమకి వంగి ఉంది. రేడియో ఏరియల్ కట్టడానికి నిచ్చెనెక్కి, జారి పడి విరగ్గొట్టుకున్న ముక్కు అది. కట్టు కట్టించడానికి రిక్షాలో తీసుకెళ్లింది తనే. దారంతా ఆమె నొప్పితో ఏడుస్తూ, మధ్యలో "నా ముక్కు పోయినా ఏరియల్ నిలబడిందండీ" అని నవ్వింది. ఏళ్ల తరబడి భోజనాల బల్ల అవతల రోజూ చూసిన మొహం. అతని వృత్తిలో ముసుగులన్నీ మొహాన్ని దాచేవే. ఈ ఒక్కటి దాచలేదు.

"ఈవిడకి గడ్డ..."

"గొంతులో అంకుల్. ఒకప్పుడు పాడేవారట, పాపం."

మేష్టారు మాస్క్ ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. మాపు కర్రతోనే పరుగెత్తాడు.

దుప్పట్ల గది తలుపు తెరిచి ఉంది. గొట్టానికి సగం బేడీ వేలాడుతోంది, గొలుసు తెగి ఉంది. నేల మీద ఊదారంగు స్కార్ఫ్ పడి ఉంది. స్ట్రెచర్ చక్రాల తడి గుర్తులు వెనక ర్యాంపు వైపు పోయాయి. తను తుడిచిన నేల మీదే పడ్డాయవి. గుండీ నొక్కాడు. బుసబుస.

ర్యాంపు మీద అంబులెన్స్ ఇంజన్ నడుస్తోంది. స్ట్రెచర్ మీద కోయిల. మెడ మీద, ఇన్నాళ్లూ స్కార్ఫ్ దాచిన చోట, కమిలిన చర్మమూ బలిసిన గడ్డా పగటి వెలుతురులో కనబడుతున్నాయి. పక్కన ముసలి పోర్టర్. ఇప్పుడంత ముసలిగా లేడు. ఆమె చేతిలోంచి సూది తీసి, ముదురెరుపు రక్తంతో నిండిన గాజు గొట్టానికి మూత బిగిస్తున్నాడు.

"రండి మేష్టారూ," అన్నాడు కాంపౌండర్. "మనిషిని కట్టేసి, గదిలో పెట్టి, తాళం వేసి... సగం పని మీరే చేసిపెట్టారు. మీ డిపార్ట్‌మెంట్‌కి థాంక్స్ చెప్పానని చెప్పండి."

రెండో చేతిలో ఇంకో సూది మెరిసింది. మేష్టారికి పెన్నూ రంపమూ గుర్తురాలేదు. చేతిలో ఉన్నది మాపు కర్ర, దాంతోనే కొట్టాడు. కాంపౌండర్ పక్కకి వంగి, సబ్బునీళ్లతో తడిసిన మాపు తన బూటుకే చుట్టుకుని, ర్యాంపు వాలులో వెల్లకిలా పడ్డాడు. సూది అతని తొడలోనే దిగింది. అది ఏ మందో అతనికే బాగా తెలుసు. మొహం పాలిపోయింది. అయినా ఆఖరి బలంతో గాజు గొట్టాన్ని డ్రైవర్ వైపు విసిరాడు. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి చాచాడు.

ఆ మధ్యలో స్ట్రెచర్ మీంచి ఒక చెయ్యి లేచింది. మణికట్టుకి సగం బేడీ. ఆ ఇనుము గొట్టానికి తగిలింది. గాజు గోడకి కొట్టుకుని పగిలి, కోట్ల గుళికలు సిమెంటు మీద కారిపోయాయి. అంబులెన్స్ తలుపులు ఊగుతుండగానే పారిపోయింది.

మేష్టారు దాని నంబరు కూడా చూడలేదు. కోయిలని ఎత్తుకున్నాడు. బరువే లేదు. ఆ తేలికతనానికి అతనికి ఏడుపొచ్చింది.

"నమ్మలేదు," అన్నాడు పరుగెత్తుతూ. "నిన్ను నమ్మలేదు."

"తర్వాత తిట్టుకుందురుగాని. టైం చూడండి."

డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. గోడ గడియారం చూసింది, కోయిలని చూసింది.

"చాలుతుందా అమ్మా?"

"తెలీదు. ఆ ఇనుము తీసెయ్యండి ముందు."

మేష్టారు జేబులోంచి బేడీ తాళంచెవి తీసిచ్చాడు. టెక్నీషియన్ అమ్మాయే తీసింది. బల్ల మీద పడుకోబెట్టి మాస్క్ తొడిగారు. సరిగ్గా పట్టింది. క్లిప్పులు బిగించబోతుంటే కోయిల చెయ్యెత్తి, అతని మీసం కొస పట్టుకుని చటుక్కున లాగేసింది.

"బాలేదని చెప్పానుగా," అంది వల కిందినుంచి. దాన్ని గుప్పెట్లో పెట్టుకుంది.

అందరూ బయటికి నడవాలి. ఆ గదిలో రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. గుమ్మం దగ్గర మేష్టారికి వెనకనుంచి గాలిలాంటి మాట వినబడింది.

"తలుపు వేశారా?"

"వేస్తున్నా," అన్నాడు.

బరువైన తలుపు మెల్లగా జరిగి మూసుకుంది. టీవీ తెర మీద ఆమె ఒక్కతే. మెషిన్ చెయ్యి ఆమె చుట్టూ తిరుగుతోంది. కాంతి లేదు, మంట లేదు, సన్నటి హోరు తప్ప చప్పుడు లేదు. గుమ్మం మీద ఎర్ర దీపం వెలుగుతోంది, అంతే. ఇన్నేళ్ల ఉద్యోగంలో కాపలాకి నిజంగా అర్థమున్న ఘడియ అదొక్కటే అనిపించింది అతనికి. తెర మీద ఆమె గుప్పెట విప్పలేదు.

కొన్ని వారాల తర్వాత డాక్టరమ్మ స్కాన్ చూపించింది. గడ్డలో సగం మాయమైంది. సగం ఉంది.

"ఆ సగంలోంచి గుళికలు అప్పటికే వెళ్లిపోయాయండీ." ఆమె పెన్సిల్‌తో బల్ల మీద గీతలు గీస్తోంది. "కాస్త ముందు వచ్చుంటే..." అని ఆగిపోయింది. మిగతాది మేష్టారు రోజూ తనకి తానే చెప్పుకున్నాడు.

చీఫ్ కోయిల ఫైల్లో 'పట్టుబడింది' అని రాసి, ఎక్కడ ఉంచాలో రాయడం మర్చిపోయాడు. కాఫీలో చక్కెర మర్చిపోయినట్టు కాదు, కావాలనే. మేష్టారు రెండు గదుల వాటా అద్దెకి తీసుకుని ఆమెని తీసుకెళ్లాడు. సగం గడ్డ పోవడం వల్ల ఒక వానాకాలం చేతికొచ్చింది. అన్నం మింగగలిగింది, నిద్రపోగలిగింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

స్కాన్ సంగతి ఆమెకి అతనే చెప్పాడు. అతని వల్ల పోయిన టైం గురించి కూడా చెప్పాడు. దాచడం చేతగాక కాదు, దాచబుద్ధి కాలేదు.

"నన్ను నమ్మడం మీ ట్రైనింగ్‌లో లేదులెండి," అంది కోయిల, చెవి దగ్గరపెడితే గానీ వినబడని గొంతుతో. "ఊళ్లో దిగిన రోజే మీ దగ్గరికొచ్చి నిజం చెప్పి ఉంటే పోయేది. నాకూ అలాంటి ట్రైనింగ్ లేదు."

"పెళ్లి చేసుకుందామా?" అన్నాడు ఒక సాయంత్రం.

"అయిపోయిందిగా. డిపార్ట్‌మెంట్ ఖర్చుతో."

చివరి రోజుల్లో మాట పూర్తిగా పోయింది. పిలవాలంటే మంచం పట్టె మీద వేలి ఉంగరంతో తట్టేది. పడుకోబోయే ముందు ఒకసారి తప్పకుండా తట్టేది. అతను వెళ్లి తలుపు వేసి వచ్చి, వేశానని చెప్పేవాడు. వాన వెలిసిన ఒక పొద్దున తట్టలేదు. మేష్టారు చాలాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, గట్టిగా ఏడ్చాడు. వినేవాళ్లెవరూ లేరు కాబట్టి రిహార్సల్ అనుకోవడానికి కూడా లేకపోయింది.

ఆ నెలలోనే డాక్టరమ్మ ఫోన్ చేసింది. రెండో సీసా తయారైంది, రెండో పేషెంట్‌కి ఎక్కించారు, స్కాన్‌లో గడ్డ కనబడటం లేదు. "ఎంతలోగా బీమ్ వెయ్యాలో ఆవిడ వల్లే తెలిసిందండీ. ఆలస్యమైతే ఏమవుతుందో తెలిసిందీ ఆవిడ వల్లే." మేష్టారు సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు. ఫోన్ పెట్టేశాక అరగంట దాకా లేవలేకపోయాడు.

సెలవు అయిపోయి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లిన రోజు, మారువేషాల గదిలో సామాన్లు అప్పగించాడు. పెన్ను, గుండీ, బెల్టు, బ్యాడ్జీ. మేకప్ మాస్టారి కన్ను సంచీలో మిగిలిన తెల్లటి వల మీద పడింది.

"అదేంటి సార్? ముసుగులన్నీ ఇక్కడే అప్పగించాలి. రూలు."

మేష్టారు తీసిచ్చాడు. మేకప్ మాస్టారు దాన్ని దీపం దగ్గర తిప్పి చూశాడు. చెక్క తలకి పెట్టి చూశాడు, పట్టలేదు. ఇంకో తలకి పెట్టాడు. తన మొహానికే పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. ముక్కు దగ్గర ఆగిపోయింది.

"ఇది ఎవరికీ పట్టదు సార్. మాకెందుకూ పనికిరాదు. మీరే ఉంచుకోండి."

"సరే," అన్నాడు మేష్టారు. రెండు చేతులా అందుకుని జాగ్రత్తగా సంచీలో పెట్టుకున్నాడు.

మేకప్ మాస్టారు బల్ల మీద సామాన్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకుని నిట్టూర్చాడు.

"మీసం ఏది సార్? ఈసారి కూడా నదిలో పోయిందా?"

"లేదు," అన్నాడు మేష్టారు. "మా ఆవిడ తీసుకెళ్లింది."